నో గో, కమ్ కమ్: అత్తతో ఢిల్లీ ప్రయాణం

విమానం ఎక్కి వచ్చినప్పటి నుంచి కోవూరులో నన్ను పలకరించి ఊరుకున్న వాళ్ళు లేరు. పైనుంచి చూస్తే పెన్న ఎంత సన్నగా కనిపించిందని కొందరు, రెక్క పక్కన కూర్చుంటే గాలి కొట్టదా అని కొందరు. నాకు పెన్నా కనిపించలేదు, గాలీ కొట్టలేదు. మేఘాలు చూశాను. వాటిని కూడా కాసేపే చూశాను, తర్వాత కళ్ళు మూసుకున్నాను. ఆకాశం సంగతులు కావలసిన వాళ్ళు ఇంకెవరినైనా అడగాలి. నేను చెప్పేదంతా నేల మీద, నాగపూరులో, ఒక చెక్కబల్ల దగ్గర జరిగిన సంగతి. అక్కడ మా అత్త తనకు వచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కలతో విమానం వాళ్ళనందరినీ ముప్పుతిప్పలు పెట్టింది.

విడవలూరు

మా మేనత్త సువార్తమ్మది విడవలూరు. నాలుగు ఎకరాల మాగాణి, ఒక్కటే కూతురు. ఆ కూతురు శాంత వదిన ఢిల్లీలో కాపురం. వదిన భర్త ప్రసాదన్నకు అక్కడ ఏదో సర్కారు ఆఫీసులో ఉద్యోగం. రెండేళ్ళ క్రితం వదినకు ఏడో నెలలోనే నొప్పులు వచ్చి బిడ్డ దక్కలేదు. తంతి అందుకుని అత్త రైలెక్కి చేరేసరికి అంతా అయిపోయింది. వదిన గోడవైపు తిరిగి పడుకుని, “ఇప్పుడొచ్చి ఏం జేస్తావమ్మా” అన్నదట. ఆ మాట అత్త మామకు కూడా చెప్పుకోలేదు. నాకు ఒక్కదానికే చెప్పింది, చెప్పి ఏడ్చింది.

మళ్ళీ వదిన నెల తప్పిందని తెలిసిన రోజునే అత్త నిర్ణయించుకుంది, ఈసారి నొప్పుల వేళకు పిల్ల పక్కన తాను ఉండి తీరాలని. డాక్టరమ్మ ప్రయాణం చేయకూడదన్నది కాబట్టి కూతురు పుట్టింటికి రాలేదు, తల్లే వెళ్ళాలి. నాట్లు కాగానే బయలుదేరాలని మూటలు కట్టుకుంటూ ఉండగా ముందే తంతి వచ్చింది. ‘ఆస్పత్రిలో చేర్చాము. అమ్మను వెంటనే తీసుకురండి.’ అదే వారం వానలకు నాగపూరు అవతల ఎక్కడో రైలుకట్ట కొట్టుకుపోయి ఢిల్లీ బళ్ళు ఆగిపోయాయి. మామ వానాకాలం ధర కోసం దాచిన మొలగొలుకుల వడ్లన్నీ ఒక్క పూటలో అమ్మేసి, “ఇమానం ఎక్కండి” అన్నాడు. రెండు టిక్కెట్లు. మిషన్ బళ్ళో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి రెండోది నాది.

అత్త సామానులో సగం బాలింతకు కావలసినవే. కాయం డబ్బా, పొత్తిళ్ళకు మెత్తబడిన పాత చీరలు, వీటన్నిటి నడుమ ఎండు పాలసొర. మా సముద్రపు పక్క వాళ్ళకు చెప్పనక్కరలేదు గాని, తక్కిన వాళ్ళ కోసం చెబుతున్నాను. పాలసొర తింటే బాలింతకు పాలు పడతాయి. వాసన మాత్రం దానికదే సాటి.

బయలుదేరుతుంటే పక్కింటి రమణమ్మ గడప దగ్గర నిలబడి, “ఎన్ని గంటలకు పోతా ఉండారక్కా?” అన్నది. అత్త మూట కింద పెట్టేసింది.

“పోయేది పీనుగ! కాన్పుకు బయల్దేరిన మడిసిని పట్టుకొని పోతావుండారా అంటావా? ఈడ నిలబడి ఉండా గదా, కళ్ళు కనపళ్ళా?”

దారిలో నేను ఊరుకోకుండా, “ప్రభువును నమ్మినదానివి, నీకెందుకత్తా శకునాలు?” అన్నాను.

“శకునం గాదు మే, మర్యాద. పోతానంటే నువ్వు తెంచుకొని పోయినట్టు. వస్తానంటే ఇంకా వాళ్ళదానివే అన్నట్టు. ఇంగ్లీషు జదివినావు, ఇంతమాత్రం తెలీదా?” అన్నది. తెలుసు. నేనూ ఇల్లు దాటేటప్పుడు వస్తాననే చెబుతాను. ఊరికే అత్తను కదిలించడం నాకు సరదా.

మీనంబాకం

మద్రాసులో మీనంబాకం విమానాశ్రయం మన నెల్లూరు స్టేషను కన్నా శుభ్రంగా ఉంది, కాని అక్కడ మనుషులు మాట్లాడుకోరు. అందరూ ఇస్త్రీ బట్టల్లో పరీక్ష రాయడానికి వచ్చినట్టు కూర్చున్నారు. కాఫీ నాలుగణాలు. నెల్లూరులో ఆ డబ్బుకు కాఫీతో బాటు రెండు ఇడ్లీలు వస్తాయి. ఆ మాట అత్త కాఫీ తాగినంతసేపూ అంటూనే ఉంది.

సామాను తూచారు. తర్వాత మనుషులను కూడా కాటా మీదికి ఎక్కమన్నారు. అత్తకు అభిమానం. “నేనేమన్నా వడ్లబస్తానా?” అని ఎక్కనన్నది. నేను ముందెక్కి చూపిస్తే ఎక్కింది, ఎక్కి ఊపిరి బిగబట్టింది. ఊపిరి పీలిస్తే బరువు పెరుగుతుందని ఆవిడ లెక్క.

విమానంలో ఒక చక్కటి పిల్ల పళ్ళెంలో దూదీ పిప్పరమెంట్లూ తెచ్చింది. దూది చెవులకు, పిప్పరమెంటు నోటికి. అత్త రెండు పిప్పరమెంట్లు తీసుకుని, ఒకటి మనవడికని కొంగున కట్టుకుంది. మనవరాలు కావచ్చు కదా అంటే దానికీ పళ్ళుంటాయిలే అన్నది. ఇంతలో పాలసొర తన సంగతి తెలియజేయడం మొదలుపెట్టింది. అత్త ఆ మూటను పెద్ద సామానుతో వేయనివ్వలేదు, కాళ్ళ దగ్గర పెట్టుకుంది. ముందు వరుసలో ఒక లావుపాటి సేటు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి చూశాడు. ఆయన గుజరాతీ, మద్రాసులో బట్టల వ్యాపారం. విమానం పిల్ల వచ్చి ఏదో చెడిపోయిన వాసన వస్తున్నదని మర్యాదగా నాతో అన్నది. నేనూ మర్యాదగానే అది మందు అని చెప్పాను. అబద్ధమేమీ కాదు.

నాగపూరు

హైదరాబాదులో దిగి ఎక్కాం. నాగపూరులో దిగాక మాత్రం ఎక్కనివ్వలేదు. ఒక ఇంజను మొరాయించిందట. సామాను దించేస్తుంటే నేను కంగారుపడ్డాను, అత్త మాత్రం ధైర్యంగానే ఉంది. “చెడిపోయిందని కింద తెలిసింది గదా, పైన తెలిసుంటే?” అన్నది.

విమానం వాళ్ళు తమ ఖర్చు మీదే అందరినీ ఒక హోటల్లో దించారు. కందిపప్పు నాగపూరు వాళ్ళూ వండుతారు, అందులో బెల్లం వేస్తారు. జొన్నరొట్టె, దాని పక్కన ఎర్రటి శనగపిండి కూర. ఆ కూర ఒక్కటే మన కారానికి దగ్గరగా వచ్చింది. అన్నం లావు. మొలగొలుకులు తిన్న నోటికి ఆ అన్నం నమలడం పనే. ఉదయం బజారులో అటుకుల ఉప్మా తిన్నాం, ఆకు దొన్నెలో పెట్టి పదిహేను నయాపైసలు. వెనక్కి కచ్చ పోసి చీర కట్టుకున్న ఆడవాళ్ళు సైకిళ్ళ మీద వెళుతుంటే అత్త నోరు తెరుచుకుని చూసింది. మన దగ్గర సైకిలెక్కిన ఆడదాన్ని ఇంకా చోద్యంగానే చూస్తారు.

ఆ ముచ్చట్లన్నీ పైపైనే. అత్త ముద్ద మింగే ముందు ప్రార్థన చేసుకుంటుంది, ఆ ఉదయం ప్రార్థన అయ్యాక కూడా కళ్ళు తెరవలేదు. “గ్రేసీ, మళ్ళీ ఆలస్యమైతే ఆ బిడ్డకు మొకం చూపించలేను” అన్నది. మనం వస్తున్నామని ప్రసాదన్నకు తంతి ఇచ్చొస్తానని చెప్పి, అత్తను విమానాశ్రయంలో బెంచీ మీద కూర్చోబెట్టి తంతి ఆఫీసుకు వెళ్ళాను.

నేను తిరిగొచ్చేసరికి అత్త కళకళలాడుతూ ఎదురొచ్చింది. “పనైపోయింది మే! ఆయనొచ్చి అడిగినాడు, నేనే చెప్పినా, సంతకం గూడా జేసినా. నువ్వు లేకపోతే నాకు జరగదనుకున్నావా?”

నేను అత్త టిక్కెట్టు తీసి చూశాను. దాని మీద ఎర్ర సిరాతో ఇంగ్లీషులో రాసి ఉంది, ‘ప్రయాణికురాలు తన ఇష్టం మీద ఈ విమానం మానుకున్నది. తరువాత వచ్చును.’ కింద గుండ్రటి అక్షరాలతో అత్త సంతకం. రాత్రి బడికి పోయి నేర్చుకున్న సంతకం, చాలా అందంగా ఉంది.

చెక్కబల్ల దగ్గర

పక్కన కూర్చున్న ఒక బెంగాలీ ఆవిడ జరిగినదంతా చూసిందట, ఆవిడే నాకు ఇంగ్లీషులో చెప్పింది. చెడిన విమానానికి బదులు ఒక చిన్న డకోటా వచ్చింది. అందులో అందరికీ చోటు చాలదు. మద్రాసు నుంచి వచ్చిన పేర్ల వరుసలో కొందరు ఇప్పుడు, తక్కిన వాళ్ళు చోటున్నప్పుడు. మా పేర్లు ముందున్న వాటిలోనే ఉన్నాయి. మీసాల గుమాస్తా ఒకాయన ఒక్కొక్కరినీ అడుగుతూ అత్త దగ్గరికి వచ్చాడు. ఇంగ్లీషు రాని మనిషి కదా అని చేత్తో ఆకాశం చూపిస్తూ, “మేడమ్, డెల్లీ, యూ గో?” అన్నాడు.

అత్తకు ‘గో’ తెలుసు. చిన్నతనంలో మిషన్ బంగళా దొరసాని, వసారాలోకి వచ్చిన కుక్కను ‘గో, గో’ అని తరిమేది. దాని అర్థం పో అని బడికి వెళ్ళని పిల్లలకు కూడా తెలుసు. కూతురి కాన్పుకు వెళుతున్న మనిషిని పొద్దున్నే పట్టుకుని పోతావా అంటే ఎవరూరుకుంటారు? అత్త చెయ్యి అడ్డంగా ఊపి గట్టిగా, “నో గో! కమ్! కమ్, కమ్!” అన్నది. అంటే పోను నాయనా, వస్తాను.

గుమాస్తా మళ్ళీ అడిగాడు. “నాట్ గో? కమ్ లేటర్?” కమ్ అనే మాట వినిపించింది కాబట్టి అత్త సంతోషంగా, “యెస్, కమ్” అన్నది. సంతకం పెట్టమంటే పెట్టింది.

నేను ఆ గుమాస్తా మీద విరుచుకుపడ్డాను. ఆయన తడబడలేదు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ కాదన్నది, సంతకం చేసింది, ఆ సీటు, పేర్ల వరుసలో తర్వాత ఉన్న సేటుగారికి ఇచ్చేశాను, మీ సీటు మీకుంది, మీరు వెళ్ళవచ్చు అన్నాడు. నేను వెళ్ళి ఏం చేయను? నేనేమన్నా కన్నతల్లినా? తర్వాత ఎప్పుడు చోటు దొరుకుతుందని అడిగితే చెప్పలేమన్నాడు. అప్పటికి అత్తకు సంగతి అర్థమైంది. ఆవిడ ఏడవలేదు, అరవలేదు. మూట ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయింది. ఆ ముఖం చూసి నాకు కోపం నషాళానికి అంటింది.

లోపలి గదిలో ఉన్న పెద్ద అధికారి దగ్గరికి వెళ్ళాను. నాగపూరు మనిషి, పెద్దవాడు, బంగారు ఫ్రేము కళ్ళజోడు. కూర్చోమన్నాడు, ఆసాంతం విన్నాడు. విని, “అమ్మా, మీరు టీచరు కదా. గో అంటే వెళ్ళడం, కమ్ అంటే రావడం. ఇందులో మా తప్పేముంది?” అన్నాడు. మా వైపు వెళ్ళేటప్పుడు వస్తాననే అంటారని చెప్పాను. “ఇంగ్లీషులో అట్లా లేదు. సీటు ఇంకొకరికి ఇచ్చాక నేనేం చేయగలను?” అని కళ్ళజోడు తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాడు, అదే బాధ. చెడ్డవాడైతే తిట్టి తృప్తిపడేదాన్ని.

అప్పుడే రన్‌వే వైపు నుంచి ఎవరో పిలిచారు. ఆయన లేచి గొడుగు తీసుకుని బయటి హాల్లోకి వచ్చాడు. నేనూ వెంటే వచ్చాను. ఆయన బల్ల దగ్గర గుమాస్తాతో, “యేతో” అని చెప్పి గుమ్మం వైపు నడిచాడు.

“ఏమన్నాడు ఆయన?” అని గుమాస్తాను అడిగాను. ఎందుకడిగానో తెలియదు, మా గురించే ఏదో అన్నాడని అనుమానం కావచ్చు.

“వస్తానన్నాడు. మరాఠీలో యేతో అంటే వస్తాను.”

“వస్తున్నాడా? వెళుతున్నాడు కదా!”

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినిపించింది. ఒక్క పరుగున గుమ్మం దాకా వెళ్ళి, మా బళ్ళో వెనక బెంచీ పిల్లలను పిలిచే గొంతుతో, “సార్! మీరు వస్తున్నారా, వెళుతున్నారా?” అని కేక వేశాను. హాలంతా తిరిగి చూసింది. ఆయన గొడుగు సగం తెరిచి ఆగిపోయాడు.

“మీరు యేతో అన్నారు. వస్తానని అర్థమట. అయితే గుమ్మం దాటుతున్నారేమిటి? మీ మాట ప్రకారం మీ కుర్చీ ఇంకొకరికి ఇవ్వమంటారా?”

ఆయన నా వైపు చూశాడు, బెంచీ మీద మా అత్త వైపు చూశాడు. గొడుగు మెల్లగా ముడిచాడు. “వెళతానని జాతో అంటే మా అమ్మ చెంప పగలగొట్టేది” అన్నాడు. అని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు.

బెంగాలీ ఆవిడ లేచి నిలబడింది. “మేమూ అంతే! ఆశి అంటాం. వస్తున్నా అనే అర్థం. జాయి అంటే మా అత్తగారు గుమ్మం దాటనివ్వదు” అన్నది. అంతవరకు ముక్కు మీది రుమాలు తీయని సేటు ఇప్పుడు తీశాడు. “వెళ్ళే మనిషికి మేం చెప్పేది ఆవజో, మళ్ళీ రమ్మని” అని గుమాస్తా వైపు తిరిగి, “నువ్వు ఏం అడిగావయ్యా ఆమెను? పొమ్మని అడిగావా?” అని గద్దించాడు. గుమాస్తాది ఏ వూరో, వాళ్ళేమంటారో గాని, ఆయన ఒంటరివాడైపోయాడు.

“సీటు మాత్రం సేటుగారిది” అన్నాడు గుమాస్తా, చివరి ప్రయత్నంగా.

ఢిల్లీలో సేటుకూ ఏదో బేరం ఉండి ఉంటుంది. అయినా అత్త దగ్గరికి వచ్చి తనకు వచ్చిన మద్రాసు అరవంలో, ఎందుకు వెళుతున్నారమ్మా అని అడిగాడు. నెల్లూరులో పుట్టిన వాళ్ళకు ఆ మాత్రం అరవం అర్థమవుతుంది. అత్త, “బిడ్డకు కాన్పు నాయనా. పోయినసారి నేను అందుకోలేకపోయినా” అన్నది. తెలుగులోనే అన్నది. ఆయనకూ ఆ మాత్రం అర్థమైంది. “ఆ సీటు ఆమెదే, నాదెప్పుడైంది?” అని తన పెట్టె తెచ్చుకుని గోడ పక్కన వేసుకుని దాని మీద కూర్చున్నాడు.

అధికారి ఎర్ర సిరా రాతను తన నల్ల సిరాతో కొట్టేసి, పక్కన ‘పొరపాటు మాది’ అని రాసి, సంతకం చేశాడు. ఆ రెండు ముక్కలు చూస్తే నాకు రాజ్యం గెలిచినంత సంబరమైంది. సర్కారు జవాబుల్లోనూ దుకాణాల్లోనూ ఆసుపత్రుల్లోనూ పొరపాటు ఎప్పుడూ మనదే అని విని విని పెరిగినదాన్ని. ఒక పెద్దమనిషి తనదని రాసివ్వడం ఎక్కడా చూడలేదు.

విమానం మెట్ల దాకా ఆయన గొడుగు పట్టాడు. అత్త చేతులు జోడించి, “వస్తా నాయనా” అన్నది.

“యా, యా” అన్నాడాయన. రండి రండి అని అర్థమట, ఆయనే చెప్పాడు.

ఢిల్లీ

డకోటా ఎంత ఊగిందో చెప్పను. అత్త ఊగిన ప్రతిసారీ స్తోత్రం అన్నది, నేను వాంతికి సంచీ వెతుక్కున్నాను. ఢిల్లీలో ప్రసాదన్న టాంగా తెచ్చాడు. గడ్డం మాసి ఉంది. “తెల్లారి నుంచి నొప్పులు అత్తయ్యా. ఇంకా కాలేదు” అన్నాడు. అత్త ఆ మాట వరకే విన్నది. సామాను మా ఇద్దరికీ వదిలేసి టాంగాలో ముందు కూర్చుంది, గుర్రాన్ని తానే అదిలించింది.

ఆస్పత్రి పెద్దది, దారి చెప్పే వాళ్ళు లేరు. కాన్పుగది తలుపు దగ్గర తెల్లబట్టల నర్సు చెయ్యి అడ్డం పెట్టి, లోపలికి ఎవరూ పోకూడదని హిందీలో చెప్పింది. అత్తకు హిందీ రాదు. నాకూ రాదు. లోపలి నుంచి వదిన కేక వినిపించింది. అత్త ఆ చేతి కింద నుంచి వంగి, చేనుగట్టు మీద కంప దాటినట్టు దాటి లోపలికి వెళ్ళిపోయింది. నర్సు వెంటపడింది గాని బయటికి తేలేకపోయింది.

నేనూ ప్రసాదన్నా వసారాలో నిలబడ్డాం. వదిన అరుపులు వినిపించాయి, మధ్యలో తల్లిని తిట్టిన తిట్లు వినిపించాయి, అచ్చమైన విడవలూరు తిట్లు. ఢిల్లీ కాపురంలో ఎన్నాళ్ళ నుంచి దాచిపెట్టుకుందో! ఆ తిట్లకు జవాబుగా అత్త గొంతు, “తిట్టు తల్లీ, తిట్టు, ఈడనే ఉండా” అని. ప్రసాదన్న ఏడుస్తూ నవ్వాడు. ఆ తర్వాత ఒక చిన్న గొంతు అందరి గొంతులనూ మించి ఏడ్చింది. ఆడపిల్ల.

చాలాసేపటికి అత్త బయటికి వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది. ఎడమ ముంజేతి మీద లోతుగా గోళ్ళు దిగిన గుర్తులు, ఒకచోట నెత్తురు చిమ్మి ఎండింది. నర్సు దూదీ అయోడినూ తెస్తే అత్త చెయ్యి వెనక్కి లాక్కుంది.

“సూడు మే,” అని ఆ చెయ్యి నా కళ్ళ ముందు పెట్టింది. “శాంత గోళ్ళు. నా చెయ్యే పట్టుకొనింది. ఇంకెవరిదీ పట్టుకోలా.”

ప్రసాదన్నకు చూపించింది. వసారా ఊడ్చే ఆమెకు చూపించింది, డాక్టరమ్మకు చూపించింది. కట్టలు పూడ్చి రైళ్ళు నడిచాక మేం తిరిగొచ్చాం. విమానం ఎట్లా ఉంటుందక్కా అని విడవలూరులో అడిగిన వాళ్ళందరికీ అత్త మొదట ఆ ముంజెయ్యే చాపుతుంది. గాయం మానిపోయి చాలా రోజులైంది. అక్కడ ఇప్పుడు చూడటానికి ఏమీ లేదు. అయినా చూపిస్తుంది.